మందుకు లొంగని లుకేమియా కణాల మీద కొత్త కాంపౌండ్లు: నా అనుభవం

నా దగ్గరికి వచ్చే కాంపౌండ్లకు, అంటే మందు అవుతాయేమోనని తయారు చేసిన కొత్త రసాయనాలకు, పేర్లుండవు. చిన్న గాజు సీసా, దాని మీద మార్కర్‌తో రాసిన కోడ్, అడుగున ఐదారు మిల్లీగ్రాముల పొడి, అంతే. పై అంతస్తులో సింథసిస్ ల్యాబ్ వాళ్లు తయారు చేస్తారు. నేను కింద వాటిని కణాల మీద వేసి చూస్తాను. సీసాలు తెచ్చిచ్చే కుర్రాడు నాకు జూనియర్. ఇచ్చిన మర్నాటి నుంచే ఒకటే ఫోన్లు: "ఏం అక్కా, చచ్చాయా?"

చచ్చాయో లేదో చెప్పడం పెద్ద పనేం కాదు. మోతాదు పెంచుకుంటూ పోతే వంటింట్లో ఉప్పు కూడా కణాల్ని చంపుతుంది. మా ప్రాజెక్టుకు కావాల్సింది వేరే. మామూలు మందులు చంపలేని లుకేమియా (రక్తక్యాన్సర్) కణాల్ని ఈ పొడి చంపుతుందా? చంపితే ఏ దారిలో? ఆరోగ్యంగా ఉన్న రక్తకణాల్ని వదిలేస్తుందా? హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో నా పీహెచ్‌డీ అంతా ఈ మూడు ప్రశ్నలతోనే గడిచింది.

లుకేమియాలో మందు పనిచేయడం, ఆ తర్వాత అదే మందు పనిచేయకపోవడం, రెండూ దాదాపు ఒకేసారి బయటపడ్డాయి. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ల్యాబ్స్‌లో పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్నప్పుడు, ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను తయారు చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా ఉన్న పిల్లలకు ఇచ్చాడు. 1948లో అచ్చయిన ఆ ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. పిల్లల్లో ఈ రక్తక్యాన్సర్ మందుకు లొంగడమనేది అంతకుముందు పెద్దగా ఎవరూ ఊహించని సంగతి. కానీ ఆ గుణం ఎక్కువ కాలం నిలవలేదు. జబ్బు తిరగబెట్టింది, తిరగబెట్టాక మందు పట్టలేదు. అమినోప్టెరిన్ తర్వాత వచ్చిన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ పిల్లల లుకేమియా చికిత్సలో ఉంది, అయితే ఒక్కటిగా కాదు, ఇంకొన్ని మందులతో కలిపి.

ఇమాటినిబ్ అనే మందు విషయంలోనూ ఇదే జరిగింది. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే, మెల్లగా ముదిరే రకానికి దీన్ని వాడేందుకు 2001 మేలో అమెరికాలో అనుమతి వచ్చింది. అదే ఏడాది, ఆ మందు పట్టకుండా పోయిన రోగుల కణాల్లో ఏం మారిందో చెప్పే పరిశోధన కూడా వచ్చేసింది. మన దగ్గర ఈ మందు కథ ఇంకో రకంగా కూడా తెలుసు. నెలకు లక్ష దాటే మందును హైదరాబాద్ కంపెనీ నాట్కో 2003లో జెనరిక్‌గా తెచ్చింది. పేటెంట్ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2013 ఏప్రిల్ 1న అసలు మందు కంపెనీ నోవార్టిస్‌కు వ్యతిరేకంగా తీర్పు వచ్చింది. ధర దిగడంతో ఎందరికో మందు అందింది. అందిన మందు కొందరికి కొంతకాలం తర్వాత పట్టకుండా పోతుంది. నా పని అక్కడ మొదలవుతుంది.

ముందు కణాల సంగతి చెప్పాలి. నేను ఎక్కువగా వాడింది కె562 అనే సెల్ లైన్, అంటే ఒకే రోగి నుంచి వచ్చి ల్యాబ్‌లో ఎంతకాలమైనా పెరుగుతూ ఉండే కణాలు. ఈ లైన్ 1970ల్లో అమెరికాలో, క్రానిక్ మైలాయిడ్ లుకేమియా చివరి దశకు చేరిన 53 ఏళ్ల ఒక మహిళ నుంచి వచ్చింది. ఆమె పేరు మాకు తెలియదు. ఆమె కణాలు మాత్రం ప్రపంచమంతా ల్యాబుల్లో ఇంకా విభజన చెందుతూనే ఉన్నాయి. మేం పుణెలోని నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్ నుంచి తెప్పించుకున్నాం. ఇవి ఫ్లాస్క్ అడుగున అతుక్కోవు, ద్రవంలో గుండ్రంగా తేలుతూ ఉంటాయి. 37 డిగ్రీలు, ఐదు శాతం కార్బన్ డయాక్సైడ్, ఆర్‌పీఎంఐ మీడియా (కణాలు పెరిగే పోషక ద్రవం), అందులో పది శాతం దూడ సీరం. దాదాపు రోజుకోసారి రెట్టింపవుతాయి. మీడియా ఎరుపు నుంచి నారింజకు, నారింజ నుంచి పసుపుకు తిరిగిందంటే వాటికి ఇరుకైందని అర్థం. ఆదివారమైనా, సంక్రాంతి అయినా వచ్చి కొత్త మీడియాలోకి మార్చాల్సిందే. ఊరికి వెళ్తున్నప్పుడు ల్యాబ్‌లో ఎవరినో ఒకరిని బతిమాలుకుని కణాల్ని అప్పజెప్పి వెళ్లడం మా అందరికీ అలవాటే. సీరం అర లీటరు బాటిల్ పదుల వేలల్లో ఉంటుంది. అది అయిపోయే లోపు కొత్త ఆర్డర్ కదలకపోతే వచ్చే టెన్షన్ ప్రయోగంలో కూడా ఉండదు.

రెండో లైన్ అదే కె562, కానీ డాక్సోరుబిసిన్ అనే క్యాన్సర్ మందుకు లొంగనిది. దీన్ని నాకన్నా ముందున్న స్కాలర్ తయారు చేసి వెళ్లింది. పద్ధతి వినడానికి సులువే. కణాలకు డాక్సోరుబిసిన్ చాలా తక్కువ మోతాదులో ఇవ్వాలి. చాలావరకు చస్తాయి. మిగిలినవాటిని కోలుకోనిచ్చి మోతాదు కొంచెం పెంచాలి. మళ్లీ చస్తాయి, మళ్లీ కొన్ని మిగులుతాయి. నెలల తరబడి ఇలా చేస్తే చివరికి మందులోనే హాయిగా పెరిగే కణాలు దొరుకుతాయి. ఆ గుణం పోకుండా ఉండాలంటే మీడియాలో ఎప్పుడూ కొద్దిగా మందు ఉంచాలి. ప్రయోగానికి కొన్ని రోజుల ముందు మాత్రం ఆపేయాలి, లేదంటే చంపింది పాత మందో కొత్త కాంపౌండో తేలదు.

ఈ రెండు లైన్ల తేడా నేను మొదటిసారి కళ్లారా చూసింది ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్‌లో. డాక్సోరుబిసిన్‌కు పుట్టుకతోనే ఒక ఎర్రని మెరుపు ఉంది, వేరే రంగు అద్దక్కర్లేదు. రెండు ట్యూబుల్లోనూ ఒకే మోతాదు వేసి, గంటలు గడిచాక స్లైడ్ మీద పెట్టి చూశాను. మామూలు కె562లో ప్రతి కణం నడుమా కేంద్రకం నిండుగా నారింజ-ఎరుపులో వెలుగుతోంది. మందు చేరాల్సిన చోటుకు చేరింది. స్లైడ్ మార్చి రెండోది పెట్టాను. ఫీల్డ్ అంతా చీకటే. కెమెరా ఎక్స్‌పోజర్ పెంచితే అక్కడక్కడ కణం అంచున మసగ్గా కొంచెం రంగు. కేంద్రకంలో ఏమీ లేదు. మామూలు కాంతిలో చూస్తే రెండూ ఒకే పోలిక, ఏది ఏదో నేను కూడా చెప్పలేను.

ఆ చీకటికి కారణం పీ-గ్లైకోప్రొటీన్. కణం పొరలో ఉండే ప్రొటీన్ ఇది. 1976లో జూలియానో, లింగ్ దీని గురించి మొదట రాశారు. సెల్లార్‌లోకి వాన నీళ్లు వస్తుంటే మోటారు పెట్టి ఎప్పటికప్పుడు తోడేసినట్టు, ఇది కణంలోకి వచ్చిన మందును ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చు పెట్టి బయటకు తోడేస్తుంది. పైగా ఒక్క మందునే కాదు. డాక్సోరుబిసిన్‌కు అలవాటు పడిన కణం విన్‌క్రిస్టిన్‌కు కూడా లొంగదు. విన్‌క్రిస్టిన్ మన ఇళ్ల ముందు పూసే బిళ్లగన్నేరు నుంచి వచ్చిన మందు. నిర్మాణంలో డాక్సోరుబిసిన్‌తో దానికి ఏ పోలికా లేదు. అయినా పంపుకి రెండూ ఒకటే.

ఇక అసలు పరీక్ష. దీని పేరు ఎంటీటీ, 1983లో మోస్‌మన్ ప్రవేశపెట్టాడు. చౌక, తేలిక, ప్రతి ల్యాబ్‌లో ఉంటుంది. పసుపు రంగు ఎంటీటీ ద్రావణాన్ని కణాలకు ఇస్తే, బతికున్న కణాలు దాన్ని ఊదా రంగు ఫార్మజాన్ స్ఫటికాలుగా మారుస్తాయి. చచ్చినవి మార్చలేవు. స్ఫటికాల్ని డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగించి 570 నానోమీటర్ల దగ్గర రంగు కొలిస్తే ఎన్ని బతికాయో లెక్క వస్తుంది.

పొద్దున్నే కణాల లెక్కింపుతో మొదలు. కొంచెం నమూనా తీసి ట్రైపాన్ బ్లూ కలిపి, గళ్లున్న గాజు పలక మీద వేసి మైక్రోస్కోప్ కింద పెడతాం. చచ్చినవి నీలంగా ఉబ్బి కనిపిస్తాయి, బతికున్నవి మెరుస్తూ ఉంటాయి. మూలల్లోని నాలుగు పెద్ద గళ్లలో లెక్కపెట్టి, సగటు తీసి, హెచ్చవేస్తే మిల్లీలీటరుకు ఎన్నో తెలుస్తుంది. గీత మీద పడ్డ కణాన్ని ఏ గడిలో లెక్కించాలో ముందే నియమం పెట్టుకోవాలి. పై గీత, ఎడమ గీత మీదివి లెక్కలోకి. కింది గీత, కుడి గీత మీదివి వదిలేయాలి. ఆటోమేటిక్ కౌంటర్ వచ్చాక కూడా నేను చేత్తోనే లెక్కపెట్టేదాన్ని. ఆ రోజు కణాల ఆరోగ్యం ఎలా ఉందో కంటికి తెలుస్తుంది, మిషన్ ఒక అంకె ఇచ్చి ఊరుకుంటుంది.

తర్వాత 96 గుంటల ప్లేట్. గుంటకు ఐదు నుంచి పది వేల కణాలు. అంచు గుంటల్లో నీరు త్వరగా ఆవిరైపోతుంది కాబట్టి ఆ 36 గుంటల్లో ఉత్త బఫర్ పోసి వదిలేస్తాను, పనికొచ్చేవి లోపలి 60. కాంపౌండ్‌ను డీఎంఎస్ఓలో కరిగించి, 100 మైక్రోమోలార్ (గాఢతను చెప్పే కొలత) నుంచి మెట్టు మెట్టుగా పలచన చేస్తూ మూడేసి గుంటల్లో వేస్తాను. డీఎంఎస్ఓ కూడా ఎక్కువైతే విషమే. అందుకని కాంపౌండ్ లేని గుంటలతో సహా అన్నిటిలోనూ అది ఒకే శాతంలో, అర శాతం కన్నా తక్కువే ఉండాలి. ఇంక్యుబేటర్‌లో 48 లేదా 72 గంటలు. ఆ తర్వాత ఎంటీటీ వేసి మూడు నాలుగు గంటలు ఆగాలి. కె562 తేలే కణాలు కాబట్టి పైనున్న ద్రవం తీసేముందు ప్లేట్‌ను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి. పిపెట్ టిప్‌ను గుంట గోడకు ఆనించి, అడుగును తాకకుండా మెల్లగా లాగాలి. ఇక్కడ చెయ్యి వణికిందా, స్ఫటికాలు ద్రవంతోపాటు పోతాయి, బతికున్న కణాలు చచ్చినట్టు లెక్కలోకి వస్తాయి. ఇదంతా కనీసం మూడు వేర్వేరు రోజుల్లో, వేర్వేరు బ్యాచ్ కణాలతో చేస్తేనే ఆ ఫలితాన్ని ఎవరైనా పట్టించుకుంటారు.

వచ్చిన అంకెల్ని ప్రిజమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఇంగ్లిష్ ఎస్ ఆకారంలో గీత వస్తుంది. కణాల్లో సగాన్ని అడ్డుకునే మోతాదే ఐసీ50. అందరూ దీన్నే అడుగుతారు. ఎంత చిన్నదైతే అంత గొప్ప. నేను కూడా మొదట్లో ఆ అంకె చుట్టూనే తిరిగాను. పోను పోను మా గైడ్ మేడమ్ మా చేత ఇంకో అంకె రాయించడం మొదలుపెట్టారు. లొంగని కణాల ఐసీ50ని మామూలు కణాల ఐసీ50తో భాగించగా వచ్చేది. డాక్సోరుబిసిన్‌కు మా లైన్‌లో ఆ నిష్పత్తి పదుల్లో ఉండేది. ఏ కాంపౌండ్‌కైనా అది ఒకటికి దగ్గరగా వస్తే పంపు దాన్ని పట్టుకోలేకపోతోందని అర్థం. "ఈ గడి నింపకుండా నాకు గ్రాఫ్ చూపించకండి" అనేవారు.

నేను పరీక్షించిన ఒక బ్యాచ్‌లో మూడు కాంపౌండ్ల గురించి చెప్తాను. మిగతావి దేనికీ పనికిరాలేదు. కొన్ని మీడియాలో వేయగానే విరిగి సూదుల్లాంటి స్ఫటికాలుగా అడుగుకు దిగాయి, మరికొన్ని వంద మైక్రోమోలార్ దగ్గర కూడా కణాల్ని కదిలించలేదు.

9వ నంబరు పసుపు పొడి, ఫినాలిక్ గుంపులున్నది. ప్లేట్ రీడర్ దీని పై మోతాదుల దగ్గర కణాల బతుకు శాతం వంద దాటించింది. అంటే కాంపౌండ్ వేస్తే కణాలు ఇంకా ఎక్కువయ్యాయనాలి. కానీ ఎంటీటీ వేయకముందు అదే ప్లేట్‌ను నేను మైక్రోస్కోప్ కింద చూశాను. ఆ గుంటల్లో గుండ్రటి కణాలు ఎక్కడా లేవు, ముక్కలు ముక్కలుగా చెత్త ఉంది. కళ్లు ఒకటి చెప్తుంటే మిషన్ ఇంకోటి చెప్తోంది. కణాలే లేని ఖాళీ మీడియాలో 9ని వేసి, పైన ఎంటీటీ వేసి పెట్టాను. బెంచ్ మీద చూస్తుండగానే ద్రవం పసుపు నుంచి ఊదాకు తిరిగింది. ఎంటీటీని మార్చడానికి దానికి కణాలతో పనిలేదు, ఆ పని తనే చేసేస్తోంది. ఇలా చేసే ఫినాలిక్, థయోల్ పదార్థాలు చాలానే ఉన్నాయి. వీటికి ఏటీపీని కొలిచే పరీక్ష కావాలి. మిణుగురు పురుగులో వెలుగు పుట్టించే లూసిఫరేజ్ ఎంజైమ్‌తో పనిచేస్తుంది, కిట్ ఖరీదు మాత్రం గుండె ఆగేలా ఉంటుంది. ఆ కిట్‌తో చూస్తే 9 నిజంగానే చంపుతోంది, కానీ దొరికిన కణాన్నల్లా ఒకేలా చంపుతోంది. పక్కన పెట్టేశాం. కాంపౌండ్‌ను కణాల్లేకుండా ఒక్కసారి ఎంటీటీతో కలిపి చూడటానికి అయ్యే ఖర్చు నాలుగు గుంటలు. ఆ నాలుగు గుంటలు లేని గ్రాఫ్‌లు అచ్చులో చూసినప్పుడల్లా నాకు అనుమానమే.

14వ నంబరు అందరికీ ముద్దొచ్చిన కాంపౌండ్. మామూలు కె562 మీద ఒక మైక్రోమోలార్ లోపే పనిచేసింది. పై అంతస్తులో స్వీట్లు కూడా పంచుకున్నారు. లొంగని లైన్ మీద వేస్తే గీత కుడివైపుకు జరుగుతూ జరుగుతూ చివరి మోతాదు దగ్గరకు పోయింది. పంపు పనే అయ్యుంటుందని వెరపామిల్ కలిపి చూశాను. ఇది బీపీకి, గుండె లయకు వాడే పాత మందు, పీ-గ్లైకోప్రొటీన్‌ను అడ్డుకుంటుందని 1980ల మొదట్లోనే తేలింది. ఒంటరిగా ఏమీ చేయని మోతాదులో వెరపామిల్ కలిపితే 14 లొంగని కణాల మీద కూడా పనిచేసింది. అంటే మంచి విషమే, కానీ లోపల నిలవట్లేదు.

"మరి వెరపామిల్‌తో కలిపి ఇచ్చేయొచ్చుగా అక్కా?" అన్నాడు కుర్రాడు. న్యాయమైన ప్రశ్నే. ఆ దారిలో చాలామంది నడిచారు. పంపును ఆపేంత వెరపామిల్ ఒంట్లోకి వెళ్తే ముందు గుండె ఇబ్బంది పడుతుంది. తర్వాత ప్రత్యేకంగా ఈ పనికోసమే జోసుక్విడార్, టారిక్విడార్ లాంటివి తయారు చేశారు. జోసుక్విడార్‌ను వయసు మళ్లిన ఏఎంఎల్ (వేగంగా ముదిరే ఒక రకం లుకేమియా) రోగుల్లో పెద్ద ట్రయల్‌లో పరీక్షిస్తే వాళ్లు బతికే కాలం పెరగలేదు. ఆ పంపు మన పేగుల్లో, కాలేయంలో, మెదడు రక్తనాళాల్లో కూడా కాపలా కాస్తుంది. దాన్ని ఆపితే ఆ కాపలా కూడా పోతుంది. ఇదంతా విని అతను, "అయితే స్వీట్లు వేస్ట్" అన్నాడు.

ఇక 22. దాని మీద ఎవరికీ ఆశ లేదు. మామూలు కె562 మీద ఐసీ50 కొన్ని మైక్రోమోలార్ల దగ్గర ఆగింది, 14 ముందు ఏ మూలకూ రాదు. కానీ లొంగని లైన్ గీతను పక్కన వేస్తే రెండూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నిష్పత్తి ఒకటికి కాస్త అటూ ఇటూ. మళ్లీ చేసినా అంతే. వెరపామిల్ కలిపినా తేడా లేదు. రోడమీన్ 123 అనే ఆకుపచ్చ రంగును పంపు బయటకు తోడేస్తుందా లేదా అని, కణాల్లోని మెరుపును ఒక్కొక్కటిగా కొలిచే ఫ్లో సైటోమీటర్‌లో చూస్తే, 22 సమక్షంలో పంపు తన పని తాను చేసుకుపోతూనే ఉంది. అంటే 22 పంపును ఆపట్లేదు, పంపు 22ని పట్టుకోవట్లేదు. మాకు కావాల్సిన రకం ఇదే.

లొంగకపోవడానికి ఇంకో దారి కూడా చూడాలి. క్రానిక్ మైలాయిడ్ లుకేమియాలో 9, 22 క్రోమోజోములు ముక్కలు మార్చుకుని బీసీఆర్-ఏబీఎల్ అనే ప్రొటీన్ పుడుతుంది, జబ్బును నడిపేది అదే. ఇమాటినిబ్ దాని జేబులో దూరి 315వ స్థానంలోని థ్రియోనిన్ అనే అమినో ఆమ్లంతో హైడ్రోజన్ బంధం వేసుకుంటుంది. అక్కడ థ్రియోనిన్ పోయి ఐసోల్యూసిన్ వస్తే ఆ బంధం ఉండదు, పైగా దారికి అడ్డం. దీన్నే టీ315ఐ అంటారు. ఇమాటినిబ్ తర్వాత వచ్చిన డాసాటినిబ్, నిలోటినిబ్ మందులు కూడా దీని ముందు ఓడిపోయాయి. 2012లో పోనాటినిబ్ వచ్చేదాకా సరైన మందు లేదు. 22 ఈ మార్పున్న కణాల్ని చంపుతుందేమో చూడటానికి బీఏఎఫ్3 అనే ఎలుక కణాలు వాడాను. ఇవి ఐఎల్-3 అనే ప్రొటీన్ పోస్తేనే బతుకుతాయి. బీసీఆర్-ఏబీఎల్ జన్యువు పెడితే ఐఎల్-3 లేకుండానే పెరుగుతాయి. టీ315ఐ ఉన్నవాటిని 22 చంపింది. సంబరపడబోయే ముందు, బీసీఆర్-ఏబీఎల్ అసలే లేని, ఐఎల్-3 మీద బతికే అసలు బీఏఎఫ్3 కణాల మీద కూడా వేశాను. వాటినీ అదే మోతాదులో చంపింది. కాబట్టి 22 గురి బీసీఆర్-ఏబీఎల్ కాదు, వేరే ఎక్కడో కొడుతోంది.

ఎక్కడో తెలిసింది సెల్ సైకిల్ ప్రయోగంలో. కణాల్ని ఆల్కహాల్‌లో నిలవపెట్టి, డీఎన్ఏకు ప్రొపీడియం అయోడైడ్ అద్ది ఫ్లోలో చూస్తే, ఏ కణం విభజనలో ఏ దశలో ఉందో తెలుస్తుంది. 22 వేసిన కణాలన్నీ డీఎన్ఏ రెట్టింపైన దగ్గరే గుంపుగా ఆగిపోయాయి. విభజనకు సిద్ధమయ్యాయి, పూర్తి చేయలేకపోయాయి. గ్రాఫ్ పట్టుకుని పై అంతస్తుకు వెళ్లాను. కుర్రాడు ఒక్క చూపు చూసి బోర్డు మీద 22 నిర్మాణం గీసి, ఒక రింగు చుట్టూ సున్నా చుట్టాడు. "మూడు మెథాక్సీలున్నాయి కదా అక్కా. నాకు మొదట్నుంచీ అనుమానమే." మూడు మెథాక్సీ గుంపులు (ఆక్సిజన్, కార్బన్ ఉన్న చిన్న తోకలు) తగిలించిన అలాంటి రింగు అడవినాభి దుంపలో దొరికే కాల్చిసిన్‌లో ఉంది, కాంబ్రెటాస్టాటిన్‌లో ఉంది. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోముల్ని లాగే దారాలు ట్యూబ్యులిన్‌తో తయారవుతాయి. కాల్చిసిన్, కాంబ్రెటాస్టాటిన్ ఆ ట్యూబ్యులిన్‌ను పట్టుకుంటాయి. మొదట్నుంచీ అనుమానం ఉంటే మొదట్లోనే చెప్పొచ్చు కదా అని నేను అడగలేదు. మేక మెదడు నుంచి ట్యూబ్యులిన్ శుద్ధి చేసే వేరే ల్యాబ్‌కు 22ని పంపాం. కాంపౌండ్ పెరిగేకొద్దీ దారాలు కట్టడం తగ్గుతోందని కబురు వచ్చింది.

చివరిది మామూలు రక్తకణాల పరీక్ష. ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, ఒప్పుకున్న ఆరోగ్యవంతుల రక్తాన్ని ఫైకాల్ ద్రవం మీద పొరగా పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతాం. బ్రేక్ ఆపేసి తిప్పాలి, లేదంటే ఆగేటప్పుడు పొరలు కలిసిపోతాయి. ఎర్రకణాలు అడుక్కి పోతాయి, పైన పసుపు ప్లాస్మా, మధ్యలో సన్నగా తెల్లటి ఉంగరం. ఆ ఉంగరంలోనే లింఫోసైట్లు, మోనోసైట్లు ఉంటాయి. వాటి మీద 22 వేస్తే చాలా ఎక్కువ మోతాదులో కూడా దాదాపు అన్నీ బతికాయి. లుకేమియా కణాల్ని చంపుతుంది, మామూలువాటిని వదిలేస్తుంది. పేపర్లో ఆఖరి బొమ్మకు సరిగ్గా సరిపోయే ఫలితం. చాలా పేపర్లు ఇక్కడే ముగుస్తాయి కూడా.

నాకు మాత్రం అక్కడే ఒకటి అడ్డు తగిలింది. 22 విభజనను ఆపే కాంపౌండ్ అని మాకిప్పుడు తెలుసు. రక్తంలో తిరిగే లింఫోసైట్లు చాలావరకు విభజనే చెందవు, ఊరికే విశ్రాంతిలో ఉంటాయి. విభజన చెందని కణాన్ని విభజన విషం చంపకపోవడంలో వింతేముంది? ఎముక మజ్జలో, పేగు లోపలి పొరలో రోజూ విభజన చెందే మామూలు కణాల సంగతి ఈ పరీక్ష ఏమీ చెప్పదు. మేడమ్‌తో అంటే ఒక నిమిషం ఆలోచించి, "పీహెచ్ఏ పెట్టి చూడు" అన్నారు. పీహెచ్ఏ అంటే రాజ్మా గింజల్లో ఉండే ప్రొటీన్. లింఫోసైట్లకు వేస్తే అవి మేలుకుని, లావెక్కి, విభజనకు దిగుతాయి. మూడో రోజుకు ఫ్లాస్క్‌లో ద్రాక్షగుత్తుల్లా గుంపులు కట్టాయి. 22 వేశాను. ఈసారి అవీ చచ్చాయి. కె562 కన్నా రెండు మూడు రెట్ల ఎక్కువ మోతాదు పట్టింది గానీ, మొదటి పరీక్షలో కనిపించిన తేడాలో అది ఏ మూలకూ రాదు.

సెమినార్‌లో ఈ స్లైడ్ చూపించినప్పుడు ఒకాయన, "మరి ఇది ఎందుకు చూపిస్తున్నావమ్మా, ముందు స్లైడ్‌తో ఆపేయాల్సింది" అని నవ్వారు. సగం సరదాకే అన్నారనుకుంటాను. విన్‌క్రిస్టిన్ కూడా విభజన విషమే, అయినా ఇవాళ్టికీ లుకేమియా పిల్లలకు ఇస్తున్నారు. కాబట్టి 22 ఈ ఒక్క కారణంతో చెత్తబుట్టలోకి పోదు. పంపు తోడేయలేని విన్‌క్రిస్టిన్ లాంటిది దొరికితే దానికి చోటుంది. కాకపోతే 22 నీళ్లలో సరిగ్గా కరగదు. మందుల్ని విరిచే ఎంజైమ్‌లుండే కాలేయపు మైక్రోసోమ్‌లలో పెడితే త్వరగా విరిగిపోతోందని ఇంకో రిపోర్టు వచ్చింది. మూడు మెథాక్సీలలో ఒకటి అక్కడ ఊడిపోతోందని కెమిస్ట్రీ వాళ్ల అనుమానం. ఎలుకల దాకా వెళ్లే సత్తా ప్రస్తుతానికి లేదు.

థీసిస్‌లో రెండు ఫలితాలూ పక్కపక్కనే పెట్టాను. పై అంతస్తులో ఆ మెథాక్సీని మార్చి, కరిగే గుంపు ఒకటి తగిలించి కొత్త బ్యాచ్ చేస్తున్నారు. దానికి పరీక్షల వరస మార్చాం. కణాల్లేకుండా ఎంటీటీ మొదట, రెండు కె562 లైన్లూ ఒకే ప్లేట్‌లో తర్వాత, పీహెచ్ఏ పెట్టిన లింఫోసైట్లు మూడో పరీక్షగానే. మిగతావన్నీ వీటిలో నిలిచినవాటికే. ఇన్ని పరీక్షలకు ఐదు మిల్లీగ్రాములు ఏ మూలకూ రావు. ఒక్కోటి కనీసం పదిహేను కావాలని, సీసా మీద కోడ్‌తోపాటు హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్షలో తేలిన స్వచ్ఛత శాతం కూడా రాసి పంపమని చెప్పాను.